ఆన్‌లైన్‌లో అడిగిన ప్రశ్నకి పనికొచ్చే జవాబు ఎలా రాయాలి?

"పీడీఎఫ్‌లో ఉన్న తెలుగు కాపీ చేసి వర్డ్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, ఏవో గుర్తులు వస్తున్నాయి. ఏం చేయాలి?"

తెలుగువాళ్లున్న ఏ గ్రూపులో అయినా ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు కనబడుతుంది. కింద వచ్చే స్పందనలూ దాదాపు ఒకేలా ఉంటాయి. "గూగుల్ చేయండి." "నాకు బాగానే వస్తోందే!" "ఇంకా ఆ పాత సాఫ్ట్‌వేర్లు ఎవరు వాడుతున్నారండీ?" "నాకూ ఇదే ప్రాబ్లమ్ బ్రో." "ఇన్‌బాక్స్ చూడండి."

అయిదుగురు స్పందించారు, అడిగినవారి చేతికి మాత్రం ఏమీ అందలేదు. వీటిలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆఖరిది. ఆ ఇన్‌బాక్స్‌లోకి సరైన పరిష్కారమే వెళ్లి ఉండొచ్చు. కానీ వచ్చే ఏడాది ఇదే ఇబ్బందితో వెతుక్కుంటూ వచ్చే ఇంకొకరికి అక్కడ "ఇన్‌బాక్స్ చూడండి" అన్న రెండు మాటలు తప్ప ఏమీ దొరకవు. నలుగురిలో అడిగిన ప్రశ్నకి నలుగురిలోనే జవాబు చెప్పాలి. అడిగేది ఒక్కరే అయినా, ఆ జవాబు చదివేవాళ్లు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటారు.

జవాబు రాయాలని కూర్చున్న ప్రతిసారీ ఏం చేయాలో వరసగా చెబుతాను.

రాయాలా వద్దా తేల్చుకోండి

మీరు రాసింది చదివాక అడిగినవారు ఒక్క అడుగైనా ముందుకు వేయగలరా? వేయలేరనిపిస్తే ఊరుకోండి. మౌనంగా ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు. పైగా చాలా చోట్ల జవాబు రాని ప్రశ్నలన్నీ విడిగా చూపించే ఏర్పాటు ఉంటుంది. విషయం తెలిసినవాళ్లు, ఓపికున్నవాళ్లు తెరిచేది ఆ జాబితానే. మీరు "నాకూ అంతే" అని రాయగానే ఆ ప్రశ్న జవాబు వచ్చినట్టు లెక్కలోకి వెళ్లి, ఆ జాబితాలోంచి మాయమవుతుంది. మంచి మనసుతో రాసిన మాటే అడిగినవారికి అడ్డం పడుతుంది. మీకూ అదే సమస్య ఉంటే లైక్ కొట్టండి, లేదా మీ దగ్గర సమస్య వేరేగా ఎక్కడ కనబడుతోందో రాయండి. "నాకూ ఇంతే, కానీ ఫోన్‌లో సరిగ్గానే వస్తోంది, కంప్యూటర్‌లోనే తేడా" అన్నది పనికొచ్చే సమాచారం.

ప్రశ్నను చివరిదాకా చదవండి

"రీస్టార్ట్ చేసి చూశాను" అని ప్రశ్నలోనే ఉంటుంది. మొదటి జవాబు "రీస్టార్ట్ చేసి చూడండి" అని వస్తుంది. ప్రశ్న రాయడానికి అవతలి మనిషి పది నిమిషాలు పెట్టి ఉంటారు, చదవడానికి మనం ఒక్క నిమిషం పెట్టాలి. ఫొటో పెడితే పెద్దది చేసి చూడండి. కింద ఇతరులు రాసినవి కూడా చదవండి, వాళ్లు అడిగితే వచ్చిన వివరం అక్కడ ఉండొచ్చు.

తెలియని వివరం ఉంటే ఊహించకండి, అడగండి

జవాబు చెప్పేవాళ్లలో నేను అన్నిటికంటే విలువిచ్చే గుణం ఇదే. ఒక ఉదాహరణ చూడండి. రైతుల గ్రూపులో ఒకరు మిరప చేను ఫొటో పెట్టి "ఆకులు ముడుచుకుపోతున్నాయి, ఏ మందు కొట్టాలి?" అని అడుగుతారు. అయిదు నిమిషాల్లో అయిదు మందుల పేర్లు వస్తాయి, మోతాదులతో సహా. అందులో ఎవరూ అడగని మాట ఒకటుంది: ఆకు పైకి ముడుచుకుందా, కిందికా?

మిరపలో ఆకు అంచులు పైకి ముడుచుకుంటే సాధారణంగా తామర పురుగు పని. కిందికి ముడుచుకుంటే నల్లి (మైట్). రైతులు పై ముడత, కింది ముడత అని విడిగా చెప్పేది అందుకే. నల్లి అసలు పురుగు జాతే కాదు, సాలీడుకి దగ్గరి చుట్టం. పురుగుల కోసమే తయారుచేసిన చాలా మందులు దాని మీద పనిచేయవు. ఇక ఆకులు చిన్నవై, ముడతలు పడి, మొక్క గిడసబారితే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ కావచ్చు. వైరస్ పట్టిన మొక్కను ఏ మందూ బాగుచేయదు. దాన్ని పీకేసి, తెల్లదోమను అదుపు చేసుకోవాలి. దీనికి తోడు 2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు మిరప తోటల్ని దెబ్బతీసిన కొత్త రకం తామర పురుగు పూతలో చేరుతుంది, ఆకు ఒక్కటే చూసి చెబితే అది దొరకదు.

ఒక్క ఫొటోకి ఇన్ని దారులున్నప్పుడు మందు పేరు చెప్పేయడం సాయం కాదు. ఆ మందు డబ్బు రైతు జేబులోంచి పోతుంది, పని చేయకపోతే ఆ వారం రోజుల్లో తెగులు ఇంకో నాలుగు సాళ్లకి పాకుతుంది. అక్కడ రాయాల్సింది ఇలా ఉండాలి:

"ఆకు పైకి ముడుచుకుందా, కిందికా? ఆకు వెనకవైపు దగ్గర్నుంచి ఒక ఫొటో, పువ్వు విప్పి ఒక ఫొటో పెట్టండి. ఇప్పటిదాకా ఏం కొట్టారో, ఎన్ని రోజులైందో కూడా చెప్పండి. పురుగా, నల్లా, వైరసా అన్నది వీటిని బట్టే తేలుతుంది. ఈలోగా కొత్త మందు ఏదీ కొట్టకండి."

ఇందులో మందు పేరు లేకపోయినా, ఆ అయిదు జవాబులకంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది. కావలసినవన్నీ ఒకేసారి అడగండి, రోజుకో ప్రశ్న చొప్పున లాగకండి. ఎందుకు అడుగుతున్నారో కూడా చెప్పండి. కారణం చెప్పకుండా వరసగా ప్రశ్నలు వేస్తే అవతలివారికి పోలీసు విచారణలా ఉంటుంది. మీకు అంతు చిక్కకపోతే దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి ఒక కొమ్మ పట్టుకెళ్లమనండి. లేదా కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800 180 1551 ఇవ్వండి, అక్కడ తెలుగులోనే మాట్లాడతారు.

అడిగినదాని వెనక ఉన్న అవసరం చూడండి

"ఆధార్‌లో ఇంటిపేరు తీసేయడం ఎలా?" అని ఒకరు అడుగుతారు. విధానం చెప్పేయడం తేలిక. కానీ ఎందుకు తీసేయాలనుకుంటున్నారో అడిగితే, పాన్‌లో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండి రెండూ లింక్ కావడం లేదని తెలుస్తుంది. మనకి ఇది ఇంటింటి సమస్య. ఒక కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో పొడి అక్షరమే ఉంటుంది, టెన్త్ సర్టిఫికెట్‌లో పేరుకి ముందు, పాస్‌పోర్టులో పేరుకి తర్వాత. ఆధార్‌లో పేరు జీవితం మొత్తంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. పాన్‌ని సరిచేస్తే పోయేదానికి ఆధార్‌లో ఒక అవకాశం ఖర్చుపెట్టుకుంటే, రేపు నిజంగా అవసరమైనప్పుడు ఇబ్బంది. పైగా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి, పేరు గడి రెండిట్లో ఒకటి ఖాళీగా వదిలేస్తే తర్వాత అమెరికా వీసా మీద పేరు స్థానంలో "ఎఫ్ఎన్‌యూ" అని పడుతుంది. పేరు తెలియదు అని దానర్థం. అక్కడికి వెళ్లాక బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో దాంతో తిప్పలు పడినవాళ్లు చాలామంది ఉన్నారు.

ప్రోగ్రామర్లు దీన్ని "ఎక్స్‌వై ప్రాబ్లమ్" అంటారు. మనిషికి ఒక సమస్య ఉంటుంది, దానికి తనకి తోచిన దారి ఒకటి ఎంచుకుంటారు, ఆ దారిలో ఎక్కడో ఆగిపోయి, ఆగిన చోటు గురించి మాత్రమే అడుగుతారు. అలాగని "అది మీకెందుకు?" అని ఎదురు ప్రశ్న వేసి వదిలేయకండి. అడిగినదానికి క్లుప్తంగా జవాబిచ్చి, "పాన్‌తో కలవడం లేదనే మారుస్తున్నారా? అయితే పాన్ సరిచేసుకోవడమే మేలు, ఎందుకంటే..." అని కలపండి. ఆయన కారణం నిజంగా వేరేదైతే మొదటి సగం పనికొస్తుంది.

ఇక జవాబు రాయండి

మొదట చెప్పిన పీడీఎఫ్ ప్రశ్నకి నేను మెచ్చే జవాబు ఇలా ఉంటుంది:

"ఆ పీడీఎఫ్ బహుశా డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో చేసినదై ఉంటుంది. అలాంటి పాత ఫాంట్లలో కంటికి తెలుగు కనిపించినా లోపల నిల్వ ఉండేది ఇంగ్లిష్ అక్షరాల కోడే. అందుకే పేస్ట్ చేస్తే అలా వస్తోంది, మీ కంప్యూటర్ తప్పేమీ లేదు. రూఢి చేసుకోవాలంటే పీడీఎఫ్‌ని అడోబీ రీడర్‌లో తెరిచి, ఫైల్ మెనూలో ప్రాపర్టీస్‌కి వెళ్లి, ఫాంట్స్ అన్న చోట చూడండి. గౌతమి, వాణి, నిర్మలా, నోటో లాంటి పేర్లుంటే అది యూనికోడ్ (తెలుగుని తెలుగు అక్షరాలుగానే నిల్వ చేసే పద్ధతి), సమస్య వేరే. అవి కాకపోతే, కాపీ చేసినదాన్ని అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేసి చూడండి. అది కుదరకపోతే పేజీలను జేపీజీ బొమ్మలుగా మార్చి గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మ కింద తెలుగు టైపై వస్తుంది. పీడీఎఫ్‌నే నేరుగా ఎక్కిస్తే లోపలున్న పాత కోడే మళ్లీ రావచ్చు, అందుకే బొమ్మలు. ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడా తప్పుతాయి, ఒకసారి చదివి దిద్దుకోవాలి."

ఏం జరుగుతోందో మొదట్లోనే చెప్పింది. అది నిజమో కాదో అడిగినవారే చూసుకునే మార్గం చూపించింది. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి ఇచ్చింది. ఎక్కడ తప్పు వస్తుందో దాచలేదు. "మీ కంప్యూటర్ తప్పేమీ లేదు" అన్న ముక్క కూడా నాకు ముఖ్యమే. అడిగే మనిషి చాలాసార్లు తనే ఏదో పాడుచేశానని టెన్షన్ పడుతూ ఉంటారు.

మీకు ఆ విషయం ఎలా తెలుసో కూడా రాయండి. "నేను చేసి చూశాను", "మా అన్నయ్యకి ఇలా జరిగింది", "అనుకుంటున్నాను, ఖాయంగా చెప్పలేను" అన్నవి మూడు వేర్వేరు బరువుల మాటలు. చదివేవారు ఎంత నమ్మాలో వీటినిబట్టే లెక్కేసుకుంటారు. ప్రభుత్వ నిబంధనల గురించైతే నెల, సంవత్సరం తప్పనిసరిగా వేయండి. అమెరికా వీసా ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్స్‌లో రెన్యూ చేసుకునే నిబంధన 2025లో ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో మళ్లీ మారింది. "నాకు డ్రాప్‌బాక్స్‌లో వచ్చేసింది, మీరూ బుక్ చేసుకోండి" అని తేదీ లేకుండా రాసిన పాత జవాబు నమ్మి, సెలవు పెట్టి, టికెట్లు కొనుక్కుని హైదరాబాద్ వచ్చినవాళ్ల పరిస్థితి ఏమిటి?

లింక్ ఇచ్చేటప్పుడు

ఒట్టి లింక్ పడేయకండి. అందులో ఏముందో రెండు వాక్యాల్లో మీ మాటల్లో రాసి, ఆ కింద లింక్ ఇవ్వండి. లింకులు చచ్చిపోతాయి. 2005లో మొదలైన యాహూ ఆన్సర్స్ 2021 మే 4న మూతపడింది. అన్నేళ్లపాటు జనం "జవాబు ఇక్కడుంది చూడండి" అని దాని పేజీలకి ఇచ్చిన లింకులన్నీ ఆ రోజుతో ఎటూ తీసుకెళ్లకుండా పోయాయి.

"ఇది ముందే అడిగారు, వెతుక్కోండి" అనడం కూడా ఇలాంటిదే. ముందే అడిగి ఉంటే ఆ పాత ప్రశ్న మీకు తెలుసన్నమాట, ఇచ్చేయండి. వెతకడానికి సరైన మాట తెలియాలి. అను ఫాంట్ అన్న పేరే తెలియని మనిషి గూగుల్‌లో ఏమని కొడతారు? ప్రోగ్రామర్ల కోసం 2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ మొదలుపెట్టిన స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒకే ప్రశ్న మళ్లీ వస్తే, పాతదాని లింక్ పెట్టి కొత్తదాన్ని మూసేస్తారు. పద్ధతి మంచిదే, పదిచోట్ల పది సగం జవాబులు ఉండేకంటే ఒకచోట ఒక పూర్తి జవాబు ఉండటం అందరికీ మేలు. కానీ అక్కడ కొత్తవాళ్లతో మాట్లాడే తీరు ఎంత కరుకుగా తయారైందంటే, తమ సైటు కొత్తవారిని ఆదరించడం లేదని 2018లో ఆ సంస్థే బహిరంగంగా ఒప్పుకుని, ప్రవర్తనా నియమావళి తీసుకొచ్చింది. పని సరైనదైనా చెప్పే తీరు మనిషిని తరిమేయగలదు. పాత లింక్ ఇచ్చేటప్పుడు "ఇందులో మూడో జవాబు మీకు సరిపోతుంది, అది పనిచేయకపోతే మళ్లీ ఇక్కడే చెప్పండి" అని ఒక్క వాక్యం కలిపితే చాలు.

చాట్‌జీపీటీ లాంటివాటిలో వచ్చింది తెచ్చి అతికించడం ఇప్పుడు మామూలైపోయింది. 2022 డిసెంబరులోనే స్టాక్ ఓవర్‌ఫ్లో దాన్ని నిషేధించింది. ఆ జవాబులు చూడటానికి సరైనవిలాగే ఉండి చాలాసార్లు తప్పవుతున్నాయని, క్షణాల్లో గుట్టలుగా వచ్చి పడుతుంటే సరిచూసే మనుషులు చాలడం లేదని వాళ్లు చెప్పిన కారణం. అడిగినవారికి అది కావాలంటే వాళ్ల ఫోన్‌లోనే ఉంది. మనుషుల్లోకి వచ్చారంటే ఆ పని చేసిన మనిషి కోసం వచ్చారు. దాని సాయం తీసుకుంటే స్వయంగా చేసి చూసి, పనిచేస్తేనే పెట్టండి, ఎక్కడ తీసుకున్నారో చెప్పండి.

మర్యాద

ముక్కూమొహం తెలియనివారిని "మీరు" అనండి. వయసు చిన్నదని ఫొటో చూసి "నువ్వు" అనేయకండి. "గారు" పెట్టి వెటకారం చేయడం ఇంకా ఘోరం. తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాశారనో, గుణింతం తప్పిందనో, యాస ఫలానా జిల్లాదనో ఎత్తిచూపకండి. ప్రశ్న అర్థమైందా లేదా అన్నదే లెక్క. వికీపీడియాలో కొత్తవారిని కరవొద్దని ఒక మార్గదర్శకమే రాసిపెట్టుకున్నారు. తెలుగు వికీపీడియా తన చర్చావేదికకి రచ్చబండ అని పేరు పెట్టుకుంది. రచ్చబండ దగ్గర ఊరివాళ్లందరి ఎదుటా మనం ఎలా మాట్లాడతామో ఇక్కడా అలాగే మాట్లాడాలి.

ఆడవాళ్లు అడిగిన ప్రశ్నకి "ఇన్‌బాక్స్‌కి రండి", "నంబరివ్వండి చెబుతాను" అని అస్సలు రాయకండి. ఇలాంటివి రెండు మూడు ఎదురైతే ఆమె మళ్లీ ఆ గ్రూపులో ప్రశ్న అడగదు.

వేరేవాళ్ల జవాబు తప్పనిపిస్తే ఏ వాక్యం తప్పో ఎత్తి రాసి, ఎందుకు తప్పో చెప్పండి. "ఈయన మాట వినకండి" అంటే అడిగినవారికి ఎవరి మాట వినాలో తేలదు.

కొన్ని ప్రశ్నలకి ముందు నంబర్ ఇవ్వాలి

"ఓటీపీ చెప్పాను, అకౌంట్‌లో డబ్బు పోయింది" అని ఎవరైనా రాస్తే మొదటి జవాబులోనే 1930 కి ఫోన్ చేయమనండి. సైబర్ మోసాలకి దేశమంతటికీ ఉన్న హెల్ప్‌లైన్ అది. ఎంత త్వరగా చెబితే డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. "అంత గుడ్డిగా ఎలా చెప్పారండీ?" అన్న ప్రశ్నకి ఆ గంటలో ఏ ఉపయోగమూ లేదు. అలాంటి పోస్టుల కింద "మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం" అంటూ దిగేవాళ్లు కూడా మోసగాళ్లే, కనబడితే అందరికీ చెప్పి రిపోర్ట్ కొట్టండి. గూగుల్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబర్లు తెచ్చి పెట్టకండి, వాటిలో నకిలీవి చాలా ఉంటాయి. కార్డు వెనకో, సంస్థ యాప్‌లోనో ఉన్న నంబర్ చూసుకోమనండి.

బతకాలని లేదన్న మాట ఎవరి ప్రశ్నలో కనబడినా వాదన, ఉపదేశం పక్కన పెట్టండి. "మీరు రాసింది చదివాను, ఇప్పుడు మీ పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడిగి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి. అది ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. పాము కాటు, గుండెనొప్పి లాంటివాటికి చిట్కాలు రాయకండి, 108కి ఫోన్ చేయమని చెప్పండి.

రాసి వదిలేయకండి

మర్నాడు ఒకసారి వచ్చి చూడండి. మీరు చెప్పింది పనిచేయలేదని రాసి ఉంటే, ఎక్కడ ఆగిందో అడిగి జవాబులోనే దిద్దండి, కింద ఇంకో కామెంట్‌లో కాదు. తర్వాత వచ్చేవారు కామెంట్లన్నీ చదవరు. నిబంధన మారినట్టు తెలిస్తే మొదటి వాక్యంగా ఆ సంగతి పెట్టండి.

అడిగింది మీరైతే, మీ వంతు కూడా ఒకటుంది. సాల్వ్ అయ్యాక "అయిపోయింది, థ్యాంక్స్" అని వెళ్లిపోకండి. ఎవరి జవాబులో ఏ అడుగు పనిచేసిందో, ఏది పనిచేయలేదో రాయండి. జవాబు మీకు ఇన్‌బాక్స్‌లో వచ్చి ఉంటే, పంపినవారిని అడిగి దాన్ని ప్రశ్న కిందే పెట్టండి. ఎవరి సాయం లేకుండా మీరే కనుక్కుని ఉంటే మీ ప్రశ్నకి మీరే జవాబు రాసి, తేదీ వేయండి.